చెట్ల నీడలో నాచు: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: నమస్తే అండి. మా ఇంటి వెనక పెద్ద చెట్ల కింద ఎప్పుడూ చల్లగా నీడగా ఉంటుంది. గడ్డి మూడుసార్లు వేశాం, మూడుసార్లూ చచ్చిపోయింది. నాచు మాత్రం అక్కడక్కడా తనంతట తనే వస్తోంది. అదే నేలంతా పరుచుకుంటే బాగుంటుందని, వీడియోలో చూసినట్టు కాస్త నాచుని మజ్జిగలో వేసి మిక్సీ పట్టి నేల మీద పోశాను. నెలైంది, బూజు తప్ప ఇంకేం రాలేదు. నేను చేసిన తప్పేంటి?

జవాబు: మజ్జిగేనండి. ఈ చిట్కా ఎంతమంది చేత ఎంత నాచు పాడు చేయించిందో తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది. నాచు మిగతా మొక్కల్లాగే వెలుతురుతో తన తిండి తనే తయారుచేసుకుంటుంది, పాలల్లో ఉండే ప్రోటీను చక్కెరా దానికి అక్కర్లేదు, అవి తిని పెరిగేది బూజే. మిక్సీ కూడా వద్దు, చేత్తో చిన్న చిన్న ముక్కలుగా తుంచితే చాలు, ఆ ముక్క నుంచే కొత్త నాచు వస్తుంది.

అసలు నాచుకి వేళ్లు ఉండవు. కింద కనపడే సన్నటి పోగుల్ని రైజాయిడ్లు అంటారు, అవి ముఖ్యంగా పట్టుకుని ఉండటానికే. నీళ్లూ ఖనిజాలూ ఎక్కువగా ఆకులతోనే పీల్చుకుంటుంది, చాలా రకాల్లో ఆకు మందం ఒక్క కణమే మరి. అందుకని చెట్టు వేళ్లు పైకి తేలి గడ్డి బతకని చోట కూడా ఇది హాయిగా బతుకుతుంది, ఎరువు అడగదు, నేల తవ్వి గుల్ల చెయ్యక్కర్లేదు. గుల్లగా ఉన్న మట్టి కంటే గట్టిగా అదిమిన మట్టే దానికి ఇష్టం.

మీ జాగాలో ఇప్పటికే ఏ నాచు ఉందో అదే పెంచండి, బయట నుంచి తేవద్దు. ముందు కలుపు, ఎండుటాకులు శుభ్రంగా తీసేసి, నేల పైపైన గీరి, తడిపి, నాచు ముక్కల్ని పరిచి కాలితో గట్టిగా తొక్కండి. అవును, తొక్కాలి, కింద గాలి సందు మిగిలితే అతుక్కోదు. పక్షులు లాగేస్తుంటే పైన పల్చటి వల వేయండి. మట్టి నాచు మట్టి మీదకి, రాతి నాచు రాతి మీదకి, అంతే, తారుమారు చేస్తే మొండికేస్తుంది. చాలా రకాలకి కాస్త ఆమ్ల గుణం ఉన్న నేల, అంటే పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉంటే బాగుంటుంది, కానీ సున్నపురాతి మీదే పెరిగే రకాలూ ఉన్నాయి కాబట్టి మీ దగ్గర తనంతట తను వచ్చిన చోటే మీకు సరైన గుర్తు.

ఇంకోటి, నాచులో పాకే రకం వేరు, నిలువుగా పెరిగే రకం వేరు. హిప్నమ్, థుయిడియమ్ లాంటివి చాపలా పాకుతాయి, త్వరగా నేల కప్పుతాయి, తడి ఎక్కువున్నా తట్టుకుంటాయి. ల్యూకోబ్రయమ్, డైక్రానమ్ లాంటివి దిండ్లలా గుబురుగా పెరుగుతాయి, బాగా నిదానం, వీటిని రోజంతా తడిపి ఉంచితే కుళ్లిపోతాయి, మధ్యమధ్య ఆరనివ్వాలి. మీరు నేలంతా పరుచుకోవాలంటున్నారు కాబట్టి మీ జాగాలో ఉన్నవాటిలో పాకే రకంతో మొదలెట్టండి. మొదటి కొన్ని వారాలు పొద్దున్నే సన్నటి జల్లులా నీళ్లు కొట్టండి, వాన నీళ్లయితే మరీ మంచిది. సరిగ్గా అతుక్కోవడానికే నెలలు పడుతుంది, అప్పటిదాకా పీకి చూడకండి ప్లీజ్. ఆకులు రాలే కాలంలో మాత్రం బద్ధకించొద్దు, వారాల తరబడి ఆకులు కప్పేస్తే కింద వెలుతురు అందక చచ్చిపోతుంది, మెత్తటి చీపురుతో ఊడ్చేయండి.

ప్రశ్న: నాలుగు రోజులు వాన లేకపోయేసరికి నాచు గోధుమ రంగుకొచ్చి కరకరలాడుతోంది. పోయినట్టేనా?

జవాబు: కంగారు పడకండి. మిగతా మొక్కలు చాలావరకు ఎండితే చస్తాయి, నాచు ఎండి ఊరికే ఆగిపోతుంది. కొంచెం నీళ్లు చల్లి కాసేపు చూడండి, చాలా రకాలు నిమిషాల్లోనే ఆకులు విప్పుకుని పచ్చబడతాయి, చూడ్డానికే ఎంత బాగుంటుందో. వారం రోజులు తడిపినా రంగు మారకపోతే అప్పుడు అనుమానించాలి, అలాంటప్పుడు ముందు నీళ్లు మార్చి చూడండి, ఉప్పు నీళ్లు, బోరు నుంచి వచ్చే బాగా కఠినమైన నీళ్లు నాచుకి పడవు.

ప్రశ్న: అడవిలో బండల మీద దట్టంగా ఉంది, కొంచెం తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దండి. అరచేతి మందం ఉన్న ఆ పరుపు తయారవడానికి ఏళ్లు పట్టింది, మీరు ఊడదీసేది ఒక్క నిమిషంలో. దాంట్లో నీటి ఎలుగులు అనే కంటికి కనపడనంత చిన్న జీవులు (టార్డిగ్రేడ్లు), చిన్న చిన్న పురుగులు బోలెడు కాపురం ఉంటాయి. మీ గోడ, దారి, పైకప్పు మీద ఎలాగూ గీకి పారేసే నాచు ఉంటుంది కదా, అది తీసుకోండి.

ప్రశ్న: చెట్టు మొదలంతా నాచు పట్టింది. చెట్టుని తినేస్తుందా?

జవాబు: తినదు. దాంట్లోంచి ఏమీ పీల్చుకోదు, ఊరికే బెరడుని పట్టుకుని ఉంటుంది. గీకితే ఆ బెరడుకే గాయమవుతుంది, వదిలేయండి.