టికెట్ల పని నేర్చుకోవడానికి పాతిక వేలు కట్టాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా అమ్మాయి హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగం కావాలంటే టికెటింగ్ టూల్ వచ్చి ఉండాలట. ఆ కోర్సుకు రూ.25 వేలు కట్టమని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అంటున్నారు. పత్తి డబ్బులు ఇంకా చేతికి రాలేదు. కట్టమంటారా? అసలు ఈ టికెట్లేంటి సార్?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు టికెట్ సంగతి చెప్తాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లే ఉంటారు కదా. గేటు దగ్గర ఎంట్రీ, తర్వాత రేటు, కాంటా, చివరికి లెక్క తేల్చి ఇచ్చే తక్‌పట్టీ. ఆ కాగితాలు లేకపోతే ఎవరి బస్తాలు ఎవరివో, ఎవరికి ఎంత రావాలో తేలదు. కంపెనీలో కంప్యూటర్ మొరాయించినా ఇదే పద్ధతి. ఫిర్యాదు రాగానే దానికో నంబర్ పడుతుంది. ఎవరు చెప్పారు, ఎవరు చూస్తున్నారు, ఎన్ని గంటల్లో తేల్చాలి, చివరికి ఏం చేశారు అన్నీ ఆ నంబర్ కిందే ఉంటాయి. దాన్నే టికెట్ అంటారు.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా కూడా దొరుకుతుంది. ఓఎస్‌టికెట్, జీఎల్‌పీఐ, జమాడ్, రిక్వెస్ట్ ట్రాకర్ అన్నీ ఓపెన్ సోర్స్‌వే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచినవే. వీటిలో రిక్వెస్ట్ ట్రాకర్‌ది ముచ్చటైన కథ. అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి హెల్ప్ డెస్క్‌లో పనిచేసిన జెస్సీ విన్సెంట్ 1996లో దాన్ని మొదలుపెట్టాడు. మీ అమ్మాయి లాంటి స్టూడెంటే!

పెద్ద కంపెనీల్లో ఎక్కువగా సర్వీస్‌నౌ, జిరా వంటి డబ్బులు కట్టే టూల్స్ ఉంటాయి, నిజమే. కానీ లోపల నడిచే పద్ధతి ఒక్కటే. పైగా సర్వీస్‌నౌ వాళ్లే డెవలపర్ సైట్‌లో ప్రాక్టీస్ కోసం ఉచితంగా ఒక కాపీ ఇస్తారు.

ఇక్కడి నుంచి అమ్మాయినే చదవమనండి.

నీ దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ చాలమ్మా. ఎక్సాంప్ (XAMPP, ల్యాప్‌టాప్‌నే చిన్న సర్వర్‌లా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి, అందులో ఓఎస్‌టికెట్ పెట్టు. ఓఎస్‌టికెట్‌ను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. ఎక్సాంప్‌లోని పీహెచ్‌పీ వెర్షన్, ఓఎస్‌టికెట్ అడిగే వెర్షన్ కలవాలి. చాలామంది అక్కడే ఆగిపోయి టెన్షన్ పడతారు. ఇన్‌స్టాల్ అయ్యాక సెటప్ ఫోల్డర్ తీసేయాలి. ఎందుకు తీసేయాలో కూడా తెలుసుకో, ఇంటర్వ్యూలో చెప్పడానికి పనికొస్తుంది. ఆ తర్వాత నువ్వు చదివిన కాలేజీ ల్యాబ్‌లో సార్‌ను అడిగి, ఒక నెల పాటు అక్కడి సమస్యలన్నీ అందులో ఎక్కించు.

అసలు విద్య టూల్‌లో లేదు, రాయడంలో ఉంది. 'ప్రింటర్ పని చేయడం లేదు' అని రాస్తే అది టికెట్ కాదు, గోడు. 'ల్యాబ్ 2 ప్రింటర్. పొద్దున 10 నుంచి ప్రింట్ రావట్లేదు. లైట్ వెలుగుతోంది, పేపర్ ఉంది. పక్క సిస్టమ్ నుంచి ఇచ్చినా రాలేదు. కేబుల్ మార్చి చూశాం' అని రాస్తే, తర్వాత చూసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు. మూసేటప్పుడు కూడా ఏం చేస్తే బాగైందో రాయాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నిటికీ 'సాల్వ్‌డ్' అని కొట్టి మూసేసేవాణ్ని. మూడు నెలలకు అదే సర్వర్ అదే తప్పుతో ఆగింది. నా టికెటే తెరిచి చూసుకుంటే అందులో ఆ ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇంకోటి. ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్‌లో సౌండ్ రావట్లేదు. అదే సమయంలో ఆఫీసులో హాల్ టికెట్లు ప్రింట్ కావట్లేదు. ఏది ముందు చూస్తావు? ఎంతమంది ఆగిపోయారు, ఎంత తొందర ఉంది అన్న రెండూ కలిపి చూడాలి. మనిషి హోదాను బట్టి కాదు (ప్రిన్సిపాల్ గారికి ఇది చెప్పకు).

నాన్నగారూ, ఒక సంగతి దాచను. ఫిర్యాదును ముందుగా అందుకునే మొదటి స్థాయి సపోర్ట్‌లో చాలాచోట్ల షిఫ్టులుంటాయి, రాత్రి పని కూడా పడొచ్చు. పాస్‌వర్డ్ మార్చి ఇవ్వడం లాంటి చిన్న పనులు ఇప్పుడు మెషీన్లే చేసేస్తున్నాయి. అందుకే అక్కడే ఏళ్లకేళ్లు ఉండిపోకూడదు. ఏడాది, ఏడాదిన్నరలో లినక్స్, నెట్‌వర్కింగ్ నేర్చుకుని పై స్థాయికి వెళ్లాలి. ఓఎస్‌టికెట్ సొంతంగా ఇన్‌స్టాల్ చేసిన పిల్లకు ఆ దారిలో సగం భయం ముందే పోతుంది. అన్నట్టు, హైదరాబాద్ ఒక్కటే అనుకోకండి. వరంగల్ పక్కనే మడికొండ ఐటీ పార్కులో 2020లోనే టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాయి. అక్కడి ఖాళీల మీదా కన్నేసి ఉంచమనండి.

నెల తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, ఆ సెంటర్‌కు వెళ్లి ఒకటే అడగమనండి: "టికెట్ తెరవడం నుంచి మూసేదాకా నా చేతులతో చేయిస్తారా, స్క్రీన్ మీద చూపిస్తారా?" చూపిస్తామంటే, నమస్కారం పెట్టి వచ్చేయమనండి.