సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు నేరు విమానం: దూరం ఎంత, పట్టే సమయం ఎంత?

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి ఉన్న 15,350 కిలోమీటర్లను గంటకు 900 చొప్పున భాగిస్తే 17 గంటలే వస్తుండగా, టికెట్ మీద పద్దెనిమిదిన్నర గంటలకు పైగా ఎందుకు చూపిస్తారని మీరు అడిగారు. ఆ దారిలో ఒకసారి వెళ్లి వచ్చాను కనుక నాకు తెలిసింది చెబుతాను.

మీరు చెప్పిన దూరం సరైనదే. దాన్ని కాగితం మీదే తేల్చుకోవచ్చు. సింగపూర్ దాదాపు 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, న్యూయార్క్ 74 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 178, అంటే అవి భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు పక్కల ఉన్నాయన్నమాట. కనుక అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. సింగపూర్ నుంచి ధ్రువానికి 88.6 డిగ్రీలు, అక్కడి నుంచి న్యూయార్క్‌కు 49.4 డిగ్రీలు, మొత్తం 138, డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున వేస్తే మీ అంకె దగ్గరకే వస్తుంది.

అయితే విమానం ఆ గీత మీదనే పోవాలని లేదు. నేను వెళ్లినప్పుడు సీటు ముందున్న తెర మీద దారి జపాన్ వైపుగా సాగి, ఉత్తర పసిఫిక్ దాటి అలాస్కా దిక్కుకు వంగింది. దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వెనుక నుంచి తోస్తుంటే, నేలతో పోల్చి చూపే వేగం ఒక దశలో గంటకు 1,080 కిలోమీటర్లు చూపించింది. తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్, ఐరోపాల మీదుగా తీసుకువచ్చారు, అంటే మళ్లీ తూర్పుకే. రాకపోకల్లో భూమిని ఒక చుట్టు చుట్టివచ్చినట్టయింది. దారి పొడవు పెరిగినా ఎదురుగాలి తప్పితే అదే లాభం. పైగా టికెట్ మీది సమయం గేటు నుంచి గేటుకు లెక్క కనుక, రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం అన్నీ అందులోనే ఉంటాయి.

ఈ దారిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే ఎయిర్‌బస్ ఎ350-900 యు.ఎల్.ఆర్. (అతి దూర ప్రయాణాల కోసం చేసిన) రకం విమానంలో సాధారణ ఎకానమీ సీట్లు లేవు. ఛార్జీలు పోల్చేటప్పుడు ఇది గమనించండి.

గంటల కంటే తేదీల దగ్గర ఎక్కువ జాగ్రత్తపడాలి. వేసవిలో రెండు ఊళ్ల మధ్య తేడా సరిగ్గా 12 గంటలు (చలికాలంలో 13), కనుక ముళ్లను తిప్పాల్సిన పని కూడా లేదు. పగలు రాత్రి అవుతుంది, అంతే. వెళ్లేటప్పుడు మధ్యాహ్నం ఎక్కితే అదే తేదీ సాయంత్రం దిగుతారు. వచ్చేటప్పుడు మాత్రం రాత్రి పదిన్నర ప్రాంతంలో ఎక్కితే, ఆ రోజుతో కలిపి మూడో రోజు తెల్లవారుజామున చేరతారు. టికెట్ మీద గంటల పక్కన చిన్న అక్షరాల్లో ఉండే +2 దీనికే. నేనది చూసుకోకుండా, పదో తేదీ రాత్రి బయలుదేరి మర్నాడు ఉదయానికి వస్తానని చాంగీకి రావలసిన తమ్ముడికి చెప్పాను. పదకొండో తేదీ తెల్లవారుజామున వాడు అక్కడ నిలబడి ఫోన్ చేసేసరికి, న్యూయార్క్‌లో ఇంకా పదో తేదీ సాయంత్రమే. నేను పెట్టె సర్దుకుంటున్నాను.