ఇంటీరియర్ కోసం 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: విజయవాడ దగ్గర పోరంకిలో ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం. హోమ్ లోన్ 48 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు, ఈఎంఐ 41,655. మా ఇద్దరి జీతాలు కలిపి చేతికి వచ్చేది 1,35,000. ఇంటి ఖర్చు, పిల్లాడి ఫీజు 45,000, ఇప్పుడుంటున్న ఇంటి అద్దె 16,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 10,000. బ్యాంకులో 9 లక్షలున్నాయి. ఇంటీరియర్‌కి 17 లక్షల కొటేషన్ వచ్చింది. తక్కువపడే 8 లక్షలు పర్సనల్ లోన్ పెట్టేద్దాం, ఒక్కసారే కదా చేయించుకునేది అంటారు మావారు. అంతంత ఎందుకు, నా టేకు మంచం, బీరువా పట్టుకెళ్లండి అంటారు అత్తయ్య. మాఘంలో గృహప్రవేశం. ఏది ఇప్పటి ఫ్యాషనో, ఏది నాలుగు కాలాలు ఉంటుందో తెలీట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, లోన్ వద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకో తర్వాత చెప్తా, ఎందుకంటే బ్యాంకువాళ్ల నుంచి ఫోన్లు వచ్చేస్తూ ఉంటాయి, కాగితాల మీద సంతకాలు అయిపోయాక నా సలహాతో పని ఉండదు.

మీరు పంపిన కొటేషన్ మొత్తం చదివాను. కిచెన్ 4,20,000, మూడు వార్డ్‌రోబ్‌లు అటకలతో కలిపి 4,60,000, ఫాల్స్ సీలింగ్, ప్రొఫైల్ లైట్లు 2,30,000, హాల్లో టీవీ వెనక గీతల ప్యానెల్స్, మార్బుల్ షీట్ 1,85,000, గుమ్మం దగ్గర పార్టిషన్, క్రాకరీ యూనిట్ 1,45,000, వాల్‌పేపర్, టెక్స్చర్ పెయింట్ 70,000, పూజ యూనిట్ 85,000, డిజైన్ ఛార్జీలు 1,05,000. కూడితే సరిగ్గా 17 లక్షలే. కానీ ఆఖరి పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో జీఎస్టీ 18 శాతం అదనం అని ఉంది చూశారా? అంటే ఇంకో 3,06,000. మీ ఇంటీరియర్ 17 లక్షలు కాదు, 20 లక్షలు. మీకు తక్కువపడేది 8 లక్షలు కాదు, 11 లక్షలు. ఇందులో సోఫా లేదు, డైనింగ్ టేబుల్ లేదు, కర్టెన్లు లేవు, గృహప్రవేశం భోజనాలు అసలే లేవు.

సరే 8 లక్షలే అనుకుందాం. 13 శాతం వడ్డీకి 5 ఏళ్లకి తీసుకుంటే నెలకి 18,202 కట్టాలి, మొత్తం మీద వడ్డీయే 2,92,000 అవుతుంది. ఇప్పటి ఈఎంఐతో కలిపితే నెలకి దాదాపు 60,000, జీతాల్లో 44 శాతం. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం మూడు నెలలు ఆగిందంటే ఏం చేస్తారో మీరే ఆలోచించండి.

అయితే హోమ్ లోన్ మీదే అదనంగా ఇచ్చే టాప్‌అప్ లోన్ తీసుకోండి, నెలకి 7,200 అంతే అంటారు ఇంకొకళ్లు, నిజమే, 9 శాతానికి 20 ఏళ్లు పెడితే అంతే పడుతుంది, కానీ 20 ఏళ్లలో మీరు కట్టేది 17,27,000, అంటే 8 లక్షల పనికి 9,27,000 వడ్డీ. గోడకి అంటించిన గీతల ప్యానెల్ మీద ఐదో ఏడుకే మోజు తీరిపోతుంది, దాన్ని పీకించేశాక కూడా ఇంకో 15 ఏళ్లు దాని బాకీ కడుతూనే ఉంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదేనమ్మా. ఏ వస్తువు ఎన్నాళ్లు మనసుకి నచ్చి ఇంట్లో ఉంటుందో అంతకంటే ఎక్కువ కాలం దాని అప్పు ఉండకూడదు. ఇల్లు 40 ఏళ్లు ఉంటుంది, దానికి 20 ఏళ్ల లోన్ పర్వాలేదు. వాల్‌పేపర్‌కి లోనేంటి?

ఇక ఫ్యాషన్ సంగతి. పట్టుచీర, మగ్గం వర్క్ బ్లౌజు లెక్క మీకు తెలిసిందే. మీ అమ్మగారి పెళ్లి చీర ఇవాళ మీరు కట్టుకోగలరు, ఎవరైనా ఎక్కడ కొన్నావని అడుగుతారు కూడా. దాని మీదకి బ్లౌజు మాత్రం కొత్తది కుట్టించుకోవాలి, ఎందుకంటే చేతుల పొడవు, మెడ, వర్క్ నాలుగేళ్లకోసారి మారిపోతాయి. ఇల్లు కూడా అంతే. చీరకి పెట్టినంత డబ్బు బ్లౌజుకి పెట్టకూడదు, బ్లౌజు మార్చాలంటే చీర చింపాల్సిన పరిస్థితి అసలు రాకూడదు. మీ కొటేషన్‌లో నాకు కనపడిన పెద్ద లోపం ఇదే, బ్లౌజులన్నీ చీరకి కలిపి కుట్టేశారు.

ఇది నేను కళ్లారా చూసిందే. 2013లో గుంటూరులో మా క్లయింట్లు రెండు కుటుంబాలవాళ్లు, ఒకే అపార్ట్‌మెంట్, ఇద్దరూ అప్పుడు అందరూ వేయించుకుంటున్న వైన్ కలర్ గ్లాసీ కిచెన్ వేయించుకున్నారు. పదేళ్లు తిరక్కుండానే ఇద్దరికీ ఆ రంగు మొహం మొత్తింది. మొదటివాళ్లు లోపల బాక్సులన్నీ ఐఎస్ 710, అంటే నీళ్లకి బాగా తట్టుకునే రకం ప్లైవుడ్‌తో చేయించుకున్నారు, కార్పెంటర్ వచ్చి షట్టర్లు మాత్రం విప్పి మ్యాట్ ఫినిష్ లామినేట్‌తో కొత్తవి చేసి బిగించాడు, వారం రోజుల్లో పని అయిపోయింది. రెండోవాళ్లది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొడి నొక్కి చేసింది. సింక్ కింద నీళ్లు కారి బోర్డు మరమరాల్లా ఉబ్బిపోయింది, స్క్రూ బిగిస్తుంటే పిండి రాలుతోంది, కొత్త షట్టర్ పెట్టడానికి పట్టే లేదు. మొత్తం పీకి పారేశారు. రంగు తప్పు ఇద్దరిదీ ఒకటే, నష్టం మాత్రం ఒక్కరికే.

అందుకని కిచెన్‌లో డబ్బు పెట్టండి, కానీ కంటికి కనపడని చోట పెట్టండి. సింక్ కింద, స్టవ్ చుట్టుపక్కల ఐఎస్ 710 ప్లైవుడ్, ప్రతి షీట్ మీద ఐఎస్ఐ ముద్ర మీ కళ్లతో మీరు చూసుకోండి. మిగతా చోట్ల ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి తట్టుకునే) గ్రేడ్ సరిపోతుంది. పని మొదలుపెట్టకముందే చెదల మందు కొట్టించండి, కృష్ణా ఒడ్డు తేమ మీకు చెప్పక్కర్లేదు. అతుకులు, హింజెస్, డ్రాయర్ ఛానెల్స్ దగ్గర కక్కుర్తి వద్దు. షట్టర్ల మీద అక్రిలిక్ తీసేసి మ్యాట్ లామినేట్ పెట్టించండి, తాలింపు జిడ్డు, వేలిముద్రలు గ్లాసీ మీద కనపడినంతగా దీని మీద కనపడవు. ప్లాట్‌ఫామ్‌కి తెల్ల క్వార్ట్జ్ రాశారు. ఫొటోల్లో చాలా బావుంటుంది, మన వంటకి మాత్రం కాదు, పసుపు మరక పడితే మీరు రోజూ దాన్ని చూస్తూ బాధపడతారు, కాలిన మూకుడు నేరుగా పెడితే అందులో రెసిన్ కలిసి ఉంటుంది కాబట్టి మచ్చ పడొచ్చు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ నల్ల గ్రానైట్‌ని ప్రపంచమంతా కొనుక్కుంటోంది, అది వేయించండి. దాని ఫ్యాషన్ పోయిందని ఇంతవరకూ ఎవరూ అనగా నేను వినలేదు.

వార్డ్‌రోబ్‌లకి అద్దాల స్లైడింగ్ డోర్లు తీసేసి మామూలు తలుపులు పెట్టించండి. స్లైడింగ్ పట్టాల్లో దుమ్ము చేరుతుంది, ఎప్పుడు చూసినా సగం బీరువానే తెరుచుకుంటుంది. లేత చెక్క రంగు, లేకపోతే హాఫ్ వైట్, ఈ రెండూ ఏ ఏడాదికీ పాతబడవు. మూడో గదికి ఇప్పుడు వార్డ్‌రోబే వద్దు, మీ అత్తగారి బీరువా అక్కడ పెట్టండి.

ఆ టేకు మంచం గురించి మీరు ఒక్క వాక్యంలో రాసేశారు గానీ నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వస్తువు అదే అనిపించింది. పాత టేకు మళ్లీ కొనాలంటే మాటలు కాదు. మంచి పాలిష్ మేస్త్రీని పిలిచి పాత వార్నిష్ గీకించి కొత్త పాలిష్ పట్టిస్తే కొత్త మంచం ఖరీదులో చిన్న వంతుతో పనైపోతుంది. కీళ్లు వదులైతే బిగించొచ్చు, ఎందుకంటే అది చెక్క, నొక్కిన పొడి కాదు. మీ మనవలు కూడా దాని మీద పడుకుంటారు. అత్తయ్యగారికి కలిగే సంతోషాన్ని నేను ఏ కాలమ్‌లోనూ వేయలేను, మీరే వేసుకోండి.

ఫాల్స్ సీలింగ్ విషయంలో నా అనుభవం చెప్తా. 2011లో మా హాల్లో పూల డిజైన్‌తో పీఓపీ చేయించాం, అప్పట్లో ఎవరింటికి వెళ్లినా అదే. మూడేళ్లకి పైవాళ్ల బాత్రూమ్ లీకై నీళ్లు దిగాయి, సీలింగ్ వెనకాల ఎక్కడ కారుతుందో తెలీదు, అంతా పగలగొడితే గానీ పైపు కనపడలేదు. డబ్బు పోయింది సరే, ఇంట్లో పసిపాప ఉండగా వారం రోజులు ఆ సున్నం దుమ్ములో ఉండాల్సి వచ్చింది, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీ ఫ్లాట్ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే కదా, సీలింగ్ దింపితే ఫ్యాన్ నెత్తి మీదకొస్తుంది, ఎండాకాలం గాలి ఆడదు. ఇప్పుడు వద్దు. వైరింగ్ పాయింట్లు మాత్రం సరిపడా పెట్టించుకోండి, గోడలు కొట్టే పని అంటే అదొక్కటి ఇప్పుడే అయిపోవాలి.

ఒక్కసారే కదా, బాగా చేయించుకుందాం అన్నది మీవారి మాట. ఆయన కోరిక తప్పేం కాదమ్మా, కొత్త ఇల్లు కట్టుకున్నవాడికి నలుగురూ బావుందనాలని ఉంటుంది. ఆయనకంటూ 60,000 పక్కన పెట్టండి, అది గోడకి అంటించే వాటికి కాకుండా చేత్తో తీసేయగలిగే వాటికి మాత్రమే ఖర్చుపెట్టాలి. హాల్లో ఒక్క గోడకి ఆయనకి నచ్చిన రంగు, అది మార్చాలంటే రెండ్రోజులు, ఒక పెయింటర్ చాలు. మంచి నిలబెట్టే ల్యాంపు. కేన్ కుర్చీలు రెండు. మంగళగిరి నూలు గుడ్డతో కర్టెన్లు, పోచంపల్లి ఇక్కత్ కుషన్ కవర్లు, కింద వరంగల్ దర్రీ. టీవీ వెనక గోడకి లక్షా ఎనభై అయిదు వేల ప్యానెల్ పెట్టే బదులు పెడన కలంకారీ గుడ్డ ఒకటి ఫ్రేము కట్టించి పెట్టండి, విసుగొస్తే పడగ్గదిలోకి మార్చుకోవచ్చు. గీతల ప్యానెల్స్ గాడుల్లో దుమ్ము ఎలా దిగుతుందో, దాన్ని చీపురుతో తీయడం ఎంత కష్టమో ఇప్పటికే వేయించుకున్న వాళ్లింట్లో పనిమనిషిని అడగండి, ఆవిడ చెప్తుంది.

లెక్క ఇలా వేశాను. కిచెన్ 3,20,000, రెండు వార్డ్‌రోబ్‌లు 2,40,000, పూజ యూనిట్ చిన్నది 35,000, ఫ్యాన్లు, లైట్లు, కర్టెన్ రాడ్లు 30,000, అన్నీ పన్నుతో కలిపే, మొత్తం 6,25,000. ఈ అంకెలు కంపెనీ దగ్గర కుదరకపోతే మంచి కార్పెంటర్‌కి మెటీరియల్ మీరే కొనిచ్చి చేయించుకోండి, కుదురుతాయి, కాకపోతే రోజూ వెళ్లి చూసుకోవాలి. మీ 9 లక్షల్లో 2,75,000 మిగులుతుంది, అది ఇంటి ఖర్చు, ఈఎంఐ, ఫ్లాట్ మెయింటెనెన్స్ కలిపి మూడు నెలలకి సరిపోతుంది, దాన్ని ఎఫ్‌డీలో పడేసి మర్చిపోండి. ఇప్పుడు నెలకి మీకు మిగులుతున్న 22,000 మాఘం దాకా గృహప్రవేశం ఖర్చులకి. కొత్తింట్లోకి వెళ్లాక అద్దె 16,000 ఆగిపోతుంది కాబట్టి మెయింటెనెన్స్ పోను నెలకి 35,000 దాకా మిగుల్తుంది, అంటే ఆరు నెలలకి 2,10,000. ఆయన 60,000, సోఫా, టీవీ కింద చిన్న యూనిట్ అందులోంచి. ఆ సిప్ మాత్రం ఆపకండి.

ముహూర్తానికి ఇల్లంతా పూర్తవ్వాలని ఎక్కడా లేదు. పాలు పొంగించడానికి స్టవ్, ప్లాట్‌ఫామ్ ఉంటే చాలు, మా అమ్మావాళ్లు తలుపులు లేని అలమరలతోనే గృహప్రవేశం చేసుకున్నారు. ఆరు నెలలు ఆ ఇంట్లో ఉండి చూడండి, పొద్దున ఎండ ఎటు పడుతోంది, పిల్లాడు ఎక్కడ కూర్చుని చదువుకుంటున్నాడు, చెప్పులు ఎక్కడ విప్పుతున్నారు, అన్నీ అప్పుడు తెలుస్తాయి. గుమ్మం దగ్గర పార్టిషన్ అవసరమో కాదో అప్పుడు మీరే చెప్తారు.

రేపు అమ్మితే ఇంటీరియర్ డబ్బులు తిరిగొస్తాయి అని ఎవరైనా అంటే నమ్మకండి. కొనేవాడు ఏరియా, ఎన్ని గజాల వాటా, బిల్డింగ్ ఎన్నేళ్లది, ఇవే చూస్తాడు, మీ వాల్‌పేపర్ అతనికి నచ్చకపోవచ్చు కూడా. ఇంకో మాట, రిపేర్ల కోసం తీసుకున్న అప్పు వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, అది కూడా 2 లక్షల పరిమితిలోనే, మీ హోమ్ లోన్ వడ్డీతోనే ఆ పరిమితి దాటిపోతుంది. మీరు కొత్త విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటికి అదీ లేదు. కాబట్టి ట్యాక్స్ కలిసొస్తుందని ఎవరన్నా చెప్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కొటేషన్ మళ్లీ రాయించుకోండి. ప్లైవుడ్ గ్రేడ్, మందం, లామినేట్ మందం, హింజెస్ కంపెనీ పేరు, జీఎస్టీతో కలిపిన ధర, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవన్నీ వరసగా ఉండాలి. డబ్బు విడతలుగా, పని అయినంతకే, బ్యాంకు ద్వారానే ఇవ్వండి, ఆఖరి పది శాతం తలుపులన్నీ నెల రోజులు తెరిచి మూసి చూశాక. కొత్త కాగితం చేతికి రాగానే నాకు పంపండి, అడ్వాన్స్ ఇచ్చేలోగా చూసి చెప్తాను.