ఎల్08.9 ఆడిట్‌లో ఎందుకు వెనక్కి వచ్చిందంటే

కుడి పిక్క మీద చీముగడ్డ, చుట్టూ సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరల్లోకి పాకిన ఇన్ఫెక్షన్), కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) చాలా యాంటీబయాటిక్‌లకి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే క్రిమి, మీరు వేసింది ఒక్క ఎల్08.9 కోడ్, ఆడిట్‌లో వెనక్కి వచ్చేసింది అన్నారు కదా. రాక ఏం చేస్తుందండీ! ఐసీడీ-10-సీఎంలో (జబ్బులకి కోడ్‌లు ఇచ్చే అమెరికా పద్ధతి) ఆ కోడ్, డాక్టర్ "చర్మానికి ఇన్ఫెక్షన్" అని మాత్రమే రాసి ఇంకేమీ చెప్పనప్పుడు వాడేది. మీ నోట్‌లో మాత్రం అన్నీ ఉన్నాయి.

చీముగడ్డకి ఎల్02.415, సెల్యులైటిస్‌కి ఎల్03.115. రెండూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి ఒకటి చాలనుకుంటారు చాలామంది, నేనూ మొదట్లో అలాగే అనుకుని తిట్లు తిన్నాను, కానీ డాక్టర్ రెండూ రాస్తే రెండూ వెయ్యాలి. చివరి 5 అంటే కుడి కాలు, ఎడమదైతే 6. గడ్డ పాదం మీద ఉంటే ఎల్02.61 వైపు వెళ్లాలి, కాలు కోడ్ కుదరదు. సెగగడ్డ అని రాస్తే మళ్లీ వేరు, అది ఎల్02.42.

తర్వాత క్రిమి. ఎల్00 నుంచి ఎల్08 వరకు ఉన్న బ్లాక్ మొదట్లోనే క్రిమికి అదనపు కోడ్ వెయ్యమని నోట్ ఉంటుంది, మీ కేసుకి బీ95.62. ఇది ఎప్పుడూ ముందు రాకూడదు, ఇన్ఫెక్షన్ కోడ్ వెనకే. ఇంకోటి, ల్యాబ్ రిపోర్ట్ చూసి మీరే వేసేయకండి, డాక్టర్ నోట్‌లో ఆ క్రిమి పేరు లేకపోతే ఆయనకే క్వెరీ (వివరం అడిగే ప్రశ్న) పంపండి.

ఆపరేషన్ కుట్ల దగ్గర వచ్చిన ఇన్ఫెక్షనైతే ఇదేదీ కాదు, టీ81.4 చూడాలి.