ఉప్పుమడిలో బ్యాక్టీరియా మీద చదువేమిటండీ అని అడిగిన తండ్రికి

ప్రశ్న: మాది చినగంజాం దగ్గర పల్లె. అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఉప్పుమడుల్లోంచి నీళ్ళు సీసాలో తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. అప్పటినుంచి ఉప్పులో బతికే బ్యాక్టీరియా తయారుచేసే పాలీశాకరైడ్ల మీదే ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిదేమో యూకేలో ఏడాది ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేయిస్తే వెంటనే సెటిలవుతుందంటున్నాడు. ముప్పై లక్షల దాకా అవుతుందట, రోడ్డు పక్క స్థలం తాకట్టు పెడదామనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి. ఇరవై ఏడేళ్ళొచ్చినా చదువుతూనే ఉంటే పెళ్ళి సంగతేమిటి? నలుగురు అడిగితే ఏం చదువుతోందని చెప్పాలి?

జవాబు: మీ ఆఖరి రెండు ప్రశ్నలే అసలు ప్రశ్నలండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. బ్యాక్టీరియా బదులు ఒకసారి నాచు ఉంటుంది, ఇంకోసారి పుట్టగొడుగులు. చివరి వాక్యం మాత్రం మారదు.

పాలీశాకరైడ్లంటే చక్కెర గొలుసులు, నీళ్ళలో అవి జిగురవుతాయి. నలుగురూ అడిగితే బ్యాక్టీరియా నుంచి జిగురు తీసే చదువని చెప్పండి. తుమ్మజిగురు చెట్టు నుంచి వస్తుంది, గోరుచిక్కుడు గింజ నుంచి గ్వార్ గమ్ వస్తుంది, ఇదీ ఆ కోవలోదే. ఇంట్లో మయొనైజ్ ప్యాకెట్ ఉంటే వెనక్కి తిప్పి చూడండి, 415 అనే నంబరు కనిపించవచ్చు. అది శాంథన్ గమ్. క్యాబేజీ ఆకుల్ని నల్లగా కుళ్ళబెట్టే బ్యాక్టీరియా నుంచి అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో దాన్ని కనిపెట్టారు. 1969లో అక్కడ ఆహారంలో వాడకానికి అనుమతి వచ్చింది.

ఉప్పుమడిలో బతికేవాటి అవసరం వేరు. సముద్రపు నీళ్ళలో ఉప్పు మూడున్నర శాతం. మడి ఆరేకొద్దీ అది ముప్పై దాకా వెళ్తుంది. అంత ఉప్పులో ఒంట్లో నీళ్ళు పోకుండా కాపాడుకోవాలి కాబట్టి కొన్ని సూక్ష్మజీవులు చుట్టూ చక్కెర గొలుసులతో జిగట పొర కట్టుకుంటాయి. మొరాకో ఉప్పుమడుల్లో దొరికిన హాలోమోనాస్ మౌరా అనే బ్యాక్టీరియా ఇచ్చే జిగురు పేరు మౌరాన్, అది లోహాలను పట్టి ఉంచుతుంది. టర్కీలో ఇజ్మీర్ దగ్గర చమాల్తి ఉప్పుమడుల నుంచి తీసిన ఇంకో హాలోమోనాస్ లెవాన్ అనే ఫ్రక్టోజ్ గొలుసును తయారుచేస్తుంది. స్పెయిన్ ఉప్పుచెరువుల హాలోఫెరాక్స్ మెడిటెర్రేనియై కూడా ఈ పని చేస్తుంది (అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే తెగ సూక్ష్మజీవి. మీరు తప్పు చెబితే అమ్మాయి నవ్వుతుంది).

ఒకసారి ఒక ల్యాబ్‌లో ఈ జిగురు తీసే పని దగ్గరుండి చూశాను. కణాలు తీసేశాక మిగిలిన ద్రవాన్ని స్పూన్‌తో ఎత్తితే అరిసెల పాకంలా తీగ సాగింది. ఐసులో పెట్టిన ఆల్కహాల్ అందులో మెల్లగా పోస్తుంటే తెల్లటి పోగులు పైకి తేలాయి. అక్కడ పనిచేస్తున్న పిల్ల గాజు కడ్డీకి వాటిని పీచుమిఠాయిలా చుట్టి నా ముందు పెట్టింది. మీ అమ్మాయి ఎందుకు పట్టుబడుతోందో నాకు అర్థమవుతుంది.

అయినా ఈ రంగం మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. పదేళ్ళుగా చూస్తున్నా, ఏ పరిశోధన పత్రం తీసినా చివరి పేరాలో ఆహారం, సౌందర్య సాధనాలు, మందులు, చమురు బావులు, అన్నిటికీ పనికొస్తుందని ఉంటుంది. కిరాణా కొట్టులో మాత్రం ఇప్పటికీ శాంథనే ఉంది. కారణం దిగుబడి. శాంథన్ లీటరుకు ఇరవై గ్రాములు దాటుతుంది, ఉప్పు జీవుల్లో చాలావాటికి కొద్ది గ్రాములు వస్తేనే గొప్ప. ఉప్పు వల్ల మేలు లేదని కాదు. ఆవకాయలో ఉప్పు సరిగ్గా పడితే బూజు దరిచేరనట్టే, ఉప్పు నీళ్ళలో వేరే సూక్ష్మజీవులు చొరబడలేవు, అన్నిటినీ ఆవిరితో శుద్ధిచేసే ఖర్చు తగ్గుతుంది. కానీ అదే ఉప్పు స్టీలు ట్యాంకుల్ని తినేస్తుంది, మిగిలిన ఉప్పునీళ్ళు ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి. ఇది సొంత కంపెనీ పెట్టేసే రంగమని ఎవరైనా అమ్మాయికి ఎక్కిస్తే నమ్మవద్దని చెప్పండి. ఒకప్పుడు బయోటెక్ బూమ్ వచ్చేస్తోందని పేపర్లు రాస్తే నేనూ నమ్మి చాలామంది పిల్లల్ని బీటెక్ బయోటెక్‌లో చేరమన్నాను. వాళ్ళలో సగం మంది తర్వాత జావా నేర్చుకున్నారు. అప్పటినుంచి ‘బూమ్’ అన్న మాట వింటే నాకు భయం.

యూకే మాట. ఏడాది కోర్సుల్లో ల్యాబ్ ప్రాజెక్టు సాధారణంగా వేసవిలో ఓ మూడు నెలలు. ఆ మూడు నెలల్లో పరికరం మీద చెయ్యి తిరిగేలోపే రిపోర్టు రాసే రోజు వచ్చేస్తుంది. చదువయ్యాక అక్కడ ఉండి పని వెతుక్కునే వీసా గడువు ఇన్నాళ్ళూ రెండేళ్ళు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు ఏడాదిన్నరే. ఆ లోపు తగినంత జీతం ఇచ్చి స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. దొరికినవాళ్ళూ ఉన్నారు. దొరకక వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేస్తూ, ఇంట్లో చెప్పకుండా ఏడ్చిన పిల్లలూ నాకు ఫోన్ చేశారు. మీ బావమరిది చెప్పిన ‘వెంటనే’ ఎక్కడినుంచి వచ్చిందో ఆయన్నే అడగండి. కన్సల్టెన్సీ నుంచి అయితే, వాళ్ళకు మీ అమ్మాయి సెటిలైనా కాకపోయినా కమిషన్ వస్తుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. స్థలం తాకట్టు సంగతి ఉంది, బావమరిది అభిప్రాయం ఉంది, నలుగురూ ఉన్నారు. అమ్మాయికి మార్కులెన్నో లేదు, యూకే గురించి ఆమె ఏమందో లేదు. ముప్పై లక్షల అప్పుతో పంపడానికి వెనకాడని మీకు, అప్పు లేని చదువు భారమనిపించడం ఏమిటండీ?

భారం ఎందుకు కాదంటే, పీహెచ్‌డీకి డబ్బు మీరు కట్టేది కాదు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం దాని మీద. ఉప్పు మీదే పనిచేసే కేంద్ర సంస్థ గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో ఉంది, సీఎస్ఎంసీఆర్ఐ. సముద్రం మీద పరిశోధన చేసే గోవా సంస్థ ఎన్ఐవోకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్షల సంగతి అమ్మాయికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది, వదిలేస్తున్నా.

పీహెచ్‌డీ మధ్యలో వద్దనుకున్నా, చేతికొచ్చిన పని పోదు. టైఫాయిడ్ క్రిమి పైన కూడా ఇలాంటి చక్కెర పొరే ఉంటుంది. దాన్ని శుద్ధి చేసి, ధనుర్వాతం టీకాలో వాడే ప్రొటీన్ టెటనస్ టాక్సాయిడ్‌కు అతికిస్తే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన అలాంటి మొదటి టీకా హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినదే. ఉప్పుమడి జిగురును శుభ్రం చేయడం నేర్చిన పిల్లకు ఆ పని కొత్తగా ఉండదు. మొదటి రెండేళ్ళు జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ పిల్లల పక్కన చిన్నదిగానే కనిపిస్తుంది. పెళ్ళిచూపుల్లో ఆ మాట వస్తుంది కూడా. పరిశోధన చేస్తూ పెళ్ళి చేసుకున్నవాళ్ళు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు, ఆ టెన్షన్ ఒక్కటి పక్కన పెట్టండి.

కన్సల్టెన్సీకి ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఈ నెల ఆపండి. అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి: ఎమ్మెస్సీకి ఎంచుకున్న చోట ఫెర్మెంటర్ (సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు) ఉందా, ఉంటే ఎన్ని లీటర్లది, విద్యార్థుల్ని దాని మీద చెయ్యి వెయ్యనిస్తారా? బడ్డీకొట్టంత గదిలో ఫ్లాస్కులు మాత్రమే ఉన్న చోటైతే వేరే చోటు వెతకమనండి. ఇక ఫ్రిజ్‌లో సీసా గురించి మీ ఆవిడ గొడవపడుతుంటే చెప్పండి, ఆ నీళ్ళలో పుట్టి ఎండలో ఉప్పు గడ్డల మధ్య బతికే జీవాలవి. పెరుగు గిన్నె మీదకు ఎగబాకవు.