గోలీ వేసుకుంటే కడుపులో మెలిపెడుతోంది, మోషన్ మాత్రం రాలేదు: సమాధానం

తప్పు గోలీది కాదు, పాలది. మలబద్ధకానికి వాడే బిసకోడిల్ గోలీని రాత్రి గ్లాసు వేడి పాలతో వేసుకున్నానని మీరే రాశారు కదా.

ఆ గోలీ మీద ఒక పూత ఉంటుంది. అది పొట్టలో కాకుండా పేగుల్లోకి వెళ్లాక కరగాలి. పాలతోనో, ఎసిడిటీ మందుతోనో వేసుకుంటే పూత ముందే కరిగిపోతుంది. మెలిపెట్టడం, వికారం అందుకే. దేవరకొండలో ఉన్నప్పుడు నేనూ ఇదే పని చేసి రాత్రంతా ముడుచుకుని పడుకున్నాను. పాలు తాగితే సాఫీగా అవుతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం మరి!

1. మంచినీళ్లతోనే మింగండి. నమలొద్దు, విరవొద్దు, పొడి చేయొద్దు.
2. ఈ గోలీకి గంట ముందు, గంట తర్వాత పాలు, ఎసిడిటీ మందు వద్దు. అందరూ మరిచిపోయేది ఇదే. మెడికల్ షాపులో అడిగితే తప్ప చెప్పరు.
3. పనిచేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. మీరు రెండు గంటలకే ఇంకోటి వేసుకున్నారు, అలా చేయకండి.

ఐరన్ గోలీలు వాడుతున్నారా? వాటితోనూ మోషన్ బిగుస్తుంది. మిర్యాలగూడ ఎండల్లో పొలం పని అంటున్నారు, నీళ్లు కూడా తక్కువై ఉంటాయి. నీళ్లు పెంచండి, అన్నం తగ్గించి జొన్న రొట్టె, ఆకుకూర తినండి.

వారం దాటి గోలీ అవసరమైతే డాక్టరుకు చూపించుకోండి. వాంతులు, మోషన్‌లో రక్తం, విపరీతమైన నొప్పి, కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే గోలీ వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.