సింగపూరు చూడవచ్చేవారికి: ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

సింగపూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆరు నెలలు గడవకముందే నన్ను అడిగే సందేహం ఒకటుంది: "అమ్మానాన్నలను పిలిపించి ఊరు చూపించాలని ఉందండీ, నెల జీతమంతా ఊడ్చుకుపోకుండా చేయడం ఎలా?" పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ కాపురముంటూ, విశాఖపట్నం నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చిన చుట్టాలను ఏటా తిప్పుతూ తెలుసుకున్నది ఆ పిల్లల కోసం రాస్తున్నాను. హోటల్లో దిగి సొంతంగా తిరగదలచిన కుటుంబాలకూ ఇది పనికొస్తుంది. ఈ ఊళ్ళో నిజంగా ఖరీదైనవి గది, టాక్సీ, మద్యం, టిక్కెట్టు పెట్టి చూసే వినోదాలు. రైలు, బస్సు, మామూలు భోజనం, తోటలు, మంచినీళ్ళు మాత్రం ఇక్కడి చిన్న జీతగాడికి అందేలాగే ఉన్నాయి కాబట్టి, వాటి చుట్టూ రోజును అల్లుకోగలిగితే నాలుగైదు రోజుల యాత్రలో చూడదగ్గదేదీ వదులుకోవలసిన అవసరం రాదు.

ఖర్చు విమానం ఎక్కకముందే మొదలవుతుంది. వీసా రుసుము 30 సింగపూరు డాలర్లు, ఎక్కువమంది ఏజెంటు ద్వారానే పెడతారు గనుక దాని మీద ఏజెంటు తీసుకునే మొత్తం అదనం. అది ఏజెంటును బట్టి మారుతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురిని విచారించడం మంచిది. వచ్చేవారి వివరాలు తెలిపే అరైవల్ కార్డును దిగే రోజుతో కలిపి 3 రోజుల లోపు ఆన్‌లైనులో నింపాలి, అది ఇక్కడి ఇమిగ్రేషన్ శాఖవారి సైటులో పూర్తిగా ఉచితం. మా పిన్నిగారు ఆ సైటును పోలిన మరొక దానిలో పడి, మనిషికి నాలుగు వేల రూపాయలు కట్టి వచ్చారు. ఆ కార్డుకు డబ్బు అడిగే పేజీ ఏదైనా సరే వెంటనే మూసేయండి. విమానం విషయంలో టిక్కెట్టు ధర ఒక్కటే చూడకుండా దిగే వేళ కూడా చూడాలి. అర్ధరాత్రి దిగితే రైళ్ళు ఉండవు, టాక్సీ మీటరు మీద సగం అదనంగా పడుతుంది, విమానాశ్రయం రుసుము వేరే. మన ఊళ్ళలో రాత్రి బయలుదేరి తెల్లవారాక ఇక్కడి చాంగీ విమానాశ్రయంలో దిగే విమానమైతే ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. సామాను హోటల్లో అప్పగించి పగలంతా తిరగవచ్చు.

గది దగ్గర నేను చెప్పేది కొంతమందికి నచ్చదు. వందల డాలర్లు పోసి మెరీనా బే ఎదుట దిగడం కంటే లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్, లావెండర్ స్టేషన్లకు ఐదు నిమిషాల నడకలో చిన్న గది తీసుకోవడం మేలు. గది ఇరుకుగా ఉంటుంది, కొన్నింటికి కిటికీ కూడా ఉండదు, ఆ సంగతి ముందే చదువుకోవాలి. అయితే పెద్దవాళ్ళకు ఇడ్లీ, పెరుగన్నం కిందకు దిగగానే దొరుకుతాయి, పొద్దున్నే సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు నడిచి వెళ్ళిరావచ్చు. చవగ్గా వస్తుందని రోజువారీ అద్దెకు ఇళ్ళు తీసుకోవద్దు. ఇక్కడ ప్రైవేటు ఇంటిని 3 నెలలకు, ప్రభుత్వ గృహసముదాయాల్లోని ఫ్లాటును 6 నెలలకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. మీరే అద్దె గదిలో ఉంటూ తల్లిదండ్రులను దింపుకుంటున్నట్లయితే ఇంటి యజమానితో ముందుగా మాట్లాడి, వారి అంగీకారం రాతపూర్వకంగా ఉంచుకోండి. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో కారు పందేలు జరిగే వారంలోనూ, డిసెంబరు చివరలోనూ గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి కనుక ఆ రోజులు తప్పించండి. మలేసియాలోని జొహోర్ బారులో గది తీసుకుని రోజూ సరిహద్దు దాటి వద్దామనే ఆలోచన కూడా కొందరు చేస్తారు. వుడ్‌ల్యాండ్స్ సరిహద్దు తనిఖీ వద్ద వరసలో నిలబడి పోగొట్టుకునే గంటలను లెక్కలోకి తీసుకుంటే, పెద్దవాళ్ళతో అది ఎంతమాత్రం తగదు.

రైలు, బస్సు ప్రయాణానికి మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళడానికి వీల్లేదు. మన బ్యాంకు కార్డు తాకించినా గేటు తెరుచుకుంటుంది గానీ, విదేశీ కార్డుల మీద అదనపు రుసుము పడుతుంది. అందుచేత స్టేషన్లో స్థానిక కార్డు కొని డబ్బు వేసుకోవడం మేలు. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మరిచిపోతే చివరి స్టాపుదాకా ఛార్జీ కోసేస్తారు. మామూలు ప్రయాణం డాలరున్నర, రెండున్నర మధ్య పడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు పెద్దలతో కలిసి నలుగురు దగ్గరి దూరం వెళ్ళేటప్పుడు మాత్రం లెక్క వేసి చూడండి. అలాంటి వేళ ఫోనులో పిలిచిన టాక్సీకీ నాలుగు రైలు టిక్కెట్లకూ తేడా ఒక్కోసారి స్వల్పమే, ఆ స్వల్పానికి వారిని మెట్లెక్కించనక్కర్లేదు.

అందరికీ తెలియకుండా తడిసి మోపెడయ్యేది రెస్టారెంటు తిండి దగ్గరే, ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. రెస్టారెంటు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, ఆ ధర మీద 10 శాతం సేవా రుసుము, దానితో కలిపిన మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయని అర్థం. అంటే 10 డాలర్ల వంటకం చివరికి 12 డాలర్లవుతుంది. మా మామగారు మొదటిసారి వచ్చినప్పుడు మర్యాదగా ఉంటుందని నదీతీరంలోని ఒక రెస్టారెంటుకు తీసుకువెళ్ళాను. చేప ధర బాగానే ఉందనుకుని తెమ్మని చెప్పేశాను. బిల్లు వచ్చాక చూస్తే అది నూరు గ్రాముల ధర. కూర్చోగానే అడగకుండా బల్ల మీద పెట్టిన వేరుశనగలకూ, చేతులు తుడుచుకునే తడి కాగితాలకూ కూడా విడిగా డబ్బు వేశారు. చేపను ఎప్పుడూ తూకం వేయించి, మొత్తం ధర అడిగాకే వండమనాలి. అడగనివి బల్ల మీదకు వస్తే వద్దని తిప్పి పంపవచ్చు, దానిలో తప్పేమీ లేదు.

చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో ఈ బాధ ఉండదు, బోర్డు మీది ధరే చెల్లించే ధర. 2020లో యునెస్కో గుర్తించిన ఈ భోజనశాలల సంస్కృతిని చూడడం కూడా యాత్రలో భాగమే. నాలుగైదు డాలర్లకు కడుపునిండా తినవచ్చు, తిన్నాక పళ్ళెం మనమే తీసుకెళ్ళి నిర్ణీత స్థలంలో పెట్టాలి. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనున్న టెక్కా సెంటర్లో మనవాళ్ళకు నచ్చే తిండి దొరుకుతుంది. శాకాహారులు చైనీయుల దుకాణాల్లో కూరగాయల వంటకం అడిగినా, అందులో రొయ్యల ముద్ద గానీ చేప గానీ కలిసిందేమో మరొకసారి అడిగి నిర్ధారించుకోవాలి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు, కాబట్టి సీసా వెంట ఉంచుకుంటే చాలు.

ఇక్కడే ఒక మాట. డాలరుకు 65 రూపాయలకు పైగా అనే లెక్క మన పెద్దవాళ్ళ తలలోంచి పోదు. మా అమ్మ కాఫీ ధర చూసి వేళ్ళ మీద గుణించుకుని, "నాకీమధ్య కాఫీ అలవాటు తప్పిందిలే" అంది. ఇంట్లో రోజుకు మూడుసార్లు తాగే మనిషి. ఆ రోజునుంచి పొద్దున్నే ఆమె చేతిలో ఇరవై డాలర్లు పెట్టి, సాయంత్రానికి ఇవి ఖర్చయిపోవాలని చెప్పేవాణ్ణి. మిగతా బిల్లులు ఆమెకు కనిపించకుండా నేను కట్టేవాణ్ణి. మీరూ అలాగే చేయండి. పొదుపు మీరు చేయాలి గానీ, వారిచేత చేయించకూడదు.

చూడవలసినవాటిలో చాలా వరకు ఉచితమే. 1859లో నెలకొల్పిన బొటానిక్ గార్డెన్స్ ప్రవేశానికి రుసుము లేదు, లోపలి ఆర్కిడ్ తోటకే టిక్కెట్టు. గార్డెన్స్ బై ద బే అనే తోటలో చెట్ల ఆకారంలో నిలబెట్టిన ఎత్తైన కట్టడాల కింద రాత్రి 7:45కు దీపాలూ సంగీతమూ కలిసి సాగే ప్రదర్శన ఉంటుంది. ఒక పాత దుప్పటి పట్టుకెళ్ళి నేల మీద పరిచి పెద్దవాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టండి, మెడ నొప్పి లేకుండా మొత్తం చూస్తారు. అది ముగిశాక నెమ్మదిగా నడిచి మెరీనా బే ఒడ్డుకు చేరితే 9 గంటలకు నీళ్ళ మీద జరిగే ఉచిత ప్రదర్శన కూడా అందుతుంది. సెంటోసా ద్వీపానికి హార్బర్‌ఫ్రంట్ స్టేషన్ వైపు నుంచి వంతెన మీద నడిచి వెళ్ళవచ్చు, లోపల తిరిగే బస్సులకు డబ్బు తీసుకోరు. పిల్లలుంటే డబ్బు పెట్టి చూసేది ఏదో ఒకటే ఎంచుకుని, దానికి పూర్తి రోజు ఇవ్వండి. ఒకే రోజు రెండు టిక్కెట్లు కొంటే రెండూ సగం సగమే చూస్తారు.

లిటిల్ ఇండియాలోని ముస్తఫా అనే పెద్ద దుకాణంలో కొనుగోళ్ళు చేసేవారు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. పన్ను వాపసు పథకంలో ఉన్న దుకాణంలో 100 డాలర్లు, ఆపైన కొంటే కట్టిన జీఎస్టీలో కొంత వెనక్కి వస్తుంది. విమానాశ్రయంలో సామాను అప్పగించకముందే ఆ పని పూర్తి చేసుకోవాలి, ఎందుకంటే కొన్న వస్తువులు చూపించమని అడగవచ్చు. కార్డుతో చెల్లించేటప్పుడు రూపాయల్లోనా, డాలర్లలోనా అని యంత్రం అడిగితే డాలర్లే ఎంచుకోండి.

సిగరెట్లకు ఇక్కడ సుంకం మినహాయింపు లేదు. ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్లు నిషేధం, మాంసం పచ్చళ్ళు కూడా తేవద్దు. రైల్లో తినడం, తాగడం చేస్తే 500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

తగ్గించకూడనిది ప్రయాణ బీమా. ఇక్కడి పౌరులకు దొరికే వైద్య రాయితీ సందర్శకులకు వర్తించదు, ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంచినా మొత్తం యాత్ర ఖర్చును మించిపోవచ్చు. బీపీ, షుగరు ఉన్న పెద్దలకు ఆ జబ్బులు కూడా వర్తించే పాలసీయేనా అని అడిగి తీసుకోండి. వారు వాడే మందులు వైద్యుడి చీటీతో సహా చేతిసంచిలో సర్దించి, పాలసీ నకలు ఒకటి ఆ సంచిలోనూ ఒకటి మీ ఫోనులోనూ ఉంచుకోండి.